పాడవుతున్న డిస్క్‌ని ముందు ఖాళీ చేయించాలా, నోఅవుట్ పెట్టి వెంటనే మార్చెయ్యాలా?

వైట్‌ఫీల్డ్_కుర్రాడు:
మాది సెఫ్ క్లస్టర్ (చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజ్‌లా నడిపే సాఫ్ట్‌వేర్), అందులో 9 సర్వర్లు, ఒక్కోదాంట్లో 12 డిస్కులు, అన్నీ 12 టీబీవి. ప్రతి డేటాకీ మూడు కాపీలు, మిన్ సైజ్ 2 (రెండు కాపీల కన్నా తగ్గితే రీడ్, రైట్ ఆగిపోతాయి), ఫెయిల్యూర్ డొమైన్ హోస్ట్ (మూడు కాపీలూ వేర్వేరు సర్వర్లలో). 78 శాతం నిండింది. ఒక డిస్క్‌లో నిన్నట్నుంచి పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) పెరుగుతున్నాయి, ఇంకా పనైతే చేస్తోంది. మా సీనియర్ ఏమో అవుట్ చేసి (దాని డేటా అంతా వేరే డిస్కులకి వెళ్ళేలా చేసి) ఖాళీ అయ్యాకే మార్చమంటున్నారు, డేటా సెంటర్లో ఉండే అన్న నోఅవుట్ పెట్టు (డిస్క్ ఆగినా సెఫ్ తనంతట తాను అవుట్ చెయ్యకుండా), పది నిమిషాల్లో కొత్తది పెట్టేస్తా అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గోదారి_గట్టు:
అవుట్ చెయ్యి తమ్ముడూ. డిస్క్ బతికే ఉంది కదా, అవుట్ చేసినా అది అప్‌లోనే (పనిచేస్తూనే) ఉంటుంది, వేరే చోట కాపీ పూర్తయ్యేదాకా పాత కాపీ పోదు, అంటే మూడు కాపీలు రెండు అవ్వవు. ముందు దాని ప్రైమరీ ఎఫినిటీ (రీడ్‌లకి ఈ డిస్క్‌ని ముందుగా ఎంచుకునే అవకాశం) సున్నా చేసెయ్, రీడ్‌లు దాని మీద పడవు. సేఫ్ టు డిస్ట్రాయ్ కమాండ్ కొట్టి (తీసేసినా డేటాకి ఇబ్బంది లేదా అని చూసేది), సరే అన్నాకే డిస్క్ మీద చెయ్యి వెయ్యి. ఇప్పుడే లాగేశావనుకో, 9 టీబీ డేటాకి రెండే కాపీలు, అదంతా కొత్త డిస్క్ ఒక్కటే రాసుకోవాలి, సెకనుకి 100 ఎంబీ చొప్పున రాసినా 25 గంటలు.

రాక్_కాపలా:
మరి మీ పద్ధతిలో 9 టీబీ బయటికి పోతుంది, కొత్తది పెట్టాక మళ్ళీ 9 టీబీ లోపలికి వస్తుంది. రెండుసార్లు. పర్జ్ చేస్తే (క్లస్టర్ లెక్కలోంచి డిస్క్‌ని పూర్తిగా తీసేస్తే) హోస్ట్ వెయిట్ (ఆ సర్వర్‌కి ఎంత డేటా రావాలన్న లెక్క) మారి ఇంకోసారి కదులుతుంది. డిస్ట్రాయ్ చేస్తే (డిస్క్ పోయిందని గుర్తు మాత్రం పెడితే) ఐడీ, వెయిట్ అలాగే ఉంటాయి, ఒక్కసారి నింపితే పనైపోతుంది.

గోదారి_గట్టు:
పర్జ్ అని నేనెక్కడన్నానండీ? ఖాళీ అయ్యాక నేనూ డిస్ట్రాయే చేస్తా.

సిరుసేరి_నైట్‌షిఫ్ట్:
డీబీ (డిస్క్‌లో ఏది ఎక్కడుందో రాసుకునే సూచిక) విడిగా ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే డిస్ట్రాయ్ చేశాక అక్కడి పాత ఎల్‌వీ (దానికి కేటాయించిన భాగం) జాప్ చెయ్యడం, అంటే తుడిచెయ్యడం మర్చిపోకు, లేకపోతే కొత్త ఓఎస్‌డీకి (డిస్క్‌ని నడిపే సెఫ్ ప్రోగ్రామ్) అక్కడ చోటుండదు.

రాక్_కాపలా:
రెండుసార్లు కదులుతుందా లేదా, అది చెప్పండి. పైగా సచ్చేలా ఉన్న డిస్క్ మధ్యలోనే పోతే?

గోదారి_గట్టు:
కదులుతుంది, కదలనీండి. మధ్యలో పోతే పోనీండి, మీరు ఇప్పుడు చెయ్యమంటున్నదీ అదేగా. నాకు నోఅవుట్ అంటే ఎందుకు భయమో చెప్తా. పాత కంపెనీలో ఒకాయన నోఅవుట్ పెట్టి డిస్క్ మార్చి, తియ్యడం మర్చిపోయి సంక్రాంతికి ఊరెళ్ళిపోయాడు. ఇంకో సర్వర్లో డిస్క్ పోయింది. మామూలుగా అయితే 600 సెకన్లకి అదే అవుట్ అయ్యి రికవరీ మొదలవ్వాలి, నోఅవుట్ ఉంది కాబట్టి ఏం కదల్లేదు, నాలుగు రోజులు రెండు కాపీల మీద నడిచింది. పండగ పూట ఫోన్ వచ్చింది నాకు.

రాక్_కాపలా:
మీకు ఫోనొచ్చింది, కాంట్రాక్ట్‌లో డిస్కులు మార్చే మాకైతే పనే పోతుంది సార్. మీరు ఇంట్లో కూర్చుని అవుట్ కొట్టి ఇంకా ఖాళీ అవ్వలేదు రేపు రా అంటారు, గేట్ పాస్ ఇవాళ్టికే ఇస్తారు, హోస్కోట నుంచి రెండుసార్లు రావాలి, రెండో రోజుకి డబ్బులివ్వరు. పోయినేడు టికెట్‌లో హోస్ట్ పేరు, స్లాట్ 7 అని రాసి పంపారు. సర్వర్ మీద స్టిక్కర్ పాతది, ఎవరూ మార్చలేదు. నేను లాగింది పక్క సర్వర్లో మంచి డిస్క్. వీఎంలన్నీ ఆగిపోయాయి. తప్పు కాంట్రాక్ట్‌వాడిదే అని మెయిల్ పెట్టారు. సీరియల్ నంబర్ ఒక్క లైన్ రాస్తే సరిపోయేది.

బెళందూరు_అక్క:
ఇది డిస్క్ గొడవ కాదు కదా ఇంక.

గోదారి_గట్టు:
ఆగండి. ఆ రోజు పాడైన డిస్క్ ముందే ఆపేసి ఉంచారా?

రాక్_కాపలా:
ఆపేసే పంపారు. నోఅవుట్ కూడా పెట్టారు.

గోదారి_గట్టు:
అందుకే ఆగింది. ఆ రెండు డిస్కుల్లోనూ ఉన్న పీజీలకి (సెఫ్ డేటాని విడగొట్టి ఉంచే గుంపులు) ఒక్క కాపీయే మిగిలింది, మిన్ సైజ్ 2 కాబట్టి ఐఓ (రీడ్, రైట్) ఆగిపోయింది. ముందే ఖాళీ చేసి ఉంటే మీరు పొరపాటున ఏ డిస్క్ లాగినా ఇంకా రెండు కాపీలు ఉండేవి, ఎవరికీ తెలిసేది కూడా కాదు. నేను ఖాళీ చెయ్యమనేది మీ కోసం కూడానండీ.

రాక్_కాపలా:
అదే సర్వర్లో పక్క డిస్క్ లాగినా పర్లేదు కదా, ఒకే హోస్ట్‌లో ఒక పీజీకి రెండు కాపీలు పెట్టదు. వేరే సర్వర్ అయితే మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ ఖాళీ అయిన రోజే పిలవండి, ముందు రోజు కాదు. సీరియల్ నంబర్ రాయండి, లొకేట్ లైట్ వెలిగించండి. అప్పుడు ఒక్కసారే వస్తా.

గోదారి_గట్టు:
సీరియల్ రాయకపోవడం మా తప్పే. నేనూ చాలాసార్లు స్లాట్ ఒక్కటే రాసి పంపాను.

వైట్‌ఫీల్డ్_కుర్రాడు:
రాత్రి 11కి అవుట్ చేశా, ఇంకా 41 పీజీలు ఉన్నాయి. వేరే రెండు డిస్కులు 85 శాతం దాటి నియర్‌ఫుల్ (నిండబోతోంది) అంటున్నాయి, బ్యాక్‌ఫిల్ (వాటిలోకి డేటా కాపీ) ఆగేది 90కి కాబట్టి చూస్తూ కూర్చున్నా. సేఫ్ అన్నాక అన్నకి ఫోన్ చేస్తా. సీరియల్ నంబర్ టికెట్‌లో పెట్టాను, ఉదయం స్టిక్కర్ ఫోటో కూడా తీయించి పెడతాను.