షష్టిపూర్తికి అంటార్కిటికా ఓడయాత్ర: వెళ్లవచ్చా, వెళ్లకూడదా?

సంధ్యాదీపం

మావారికి వచ్చే మాఘమాసంలో షష్టిపూర్తి. హోమం, బంధువుల భోజనాలు ఇక్కడే కాకినాడలో జరుగుతాయి. అవి కాగానే మమ్మల్నిద్దరినీ అంటార్కిటికా తీసుకువెళ్తానని డాలస్‌లో ఉన్న మా అమ్మాయి పట్టుబట్టింది. అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషుయాయా రేవులో ఓడ ఎక్కి పదకొండు రోజులు తిరిగి రావడం.

మావారు ముప్పై నాలుగేళ్లు భూగోళం పాఠం చెప్పారు. నల్లబల్ల మీద ఆ తెల్లటి ఖండాన్ని సుద్దముక్కతో కొన్ని వందల సార్లు గీసి ఉంటారు. అమ్మాయి మాట వినగానే ఆయన ఏమీ అనలేదు, లోపలి గదిలోకి వెళ్లి పాత అట్లాసు తెచ్చుకుని కూర్చున్నారు. ఆయన మనసు నాకు అప్పుడే తెలిసిపోయింది.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి మాత్రం ఒప్పుకోవడం లేదు. "అక్కడికి మనుషులు వెళ్లడమే ఆ మంచుకు చేటు నాన్నా, చూడాలన్న కోరికతో చూసే వస్తువునే పాడుచేస్తామా?" అన్నాడు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు. ఈ నెలాఖరులోగా బయానా కట్టాలి. వెళ్లివచ్చినవారు, ఈ విషయం చదివినవారు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నన్ను ఓదార్చడానికి మాత్రం రాయకండి.

నేలవేము

అమ్మా, మీరు ఉన్నది ఉన్నట్టు అడిగారు కాబట్టి చెబుతున్నాను. వెళ్లవద్దు. మీ అబ్బాయి మాటలో న్యాయం ఉంది.

1990ల మొదట్లో ఏడాదికి ఏడు వేల లోపు మంది పర్యాటకులు అక్కడికి వెళ్లేవారు. 2023–24 వేసవిలో ఆ సంఖ్య 1,20,000 దాటింది. ఖండం వైశాల్యం 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు కదా, లక్ష మంది ఏమూలకు అని చాలామంది అంటారు. ఆ లెక్క సరైనది కాదు. ఆ నేలలో మంచు కప్పనిది అర శాతం కూడా లేదు. పెంగ్విన్లు గూడు కట్టుకోవాలన్నా, శాస్త్రవేత్తలు కేంద్రాలు కట్టాలన్నా, మీ ఓడ మిమ్మల్ని దించాలన్నా ఆ కాస్త నేలే దిక్కు. పైగా దాదాపు ఓడలన్నీ వెళ్లేది దక్షిణ అమెరికాకు దగ్గరగా ఉన్న ద్వీపకల్పానికే, అదీ నవంబరు నుంచి మార్చి లోపు. పక్షులు పిల్లల్ని పెంచుకునే నెలలు సరిగ్గా అవే.

ఇంకొక సంగతి. 2022లో వచ్చిన ఒక పరిశోధన ఓడల పొగలోని నల్లటి మసి మంచు మీద పడి ఏం చేస్తుందో కొలిచింది. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది, మసి పడిన మంచు ఎండను పీల్చుకుని ముందే కరుగుతుంది. ఒక్కొక్క పర్యాటకుడి వంతుగా సుమారు 83 టన్నుల మంచు కరగడం వేగవంతమవుతోందని వారు లెక్కగట్టారు. మీరు ముగ్గురు వెళ్తున్నారు. హైదరాబాదు నుంచి డాలస్, అక్కడి నుంచి బ్యూనస్ ఐరిస్, ఆపైన ఉషుయాయా దాకా విమానాలు కాల్చే ఇంధనం ఇందులో చేరలేదు.

దూరతీరం

నేను 2024 జనవరిలో మా ఆవిడతో వెళ్లివచ్చాను. నేలవేము గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. అక్కడ మమ్మల్ని ఎలా నడిపించారో కూడా తెలిస్తే మీ నిర్ణయానికి పనికివస్తుందని రాస్తున్నాను.

దక్షిణ అమెరికాకు, అంటార్కిటికాకు మధ్యనున్న డ్రేక్ జలసంధి దాటడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రోజంతా మంచం దిగలేదు. రెండో రోజు సాయంత్రం ఓడ సిబ్బంది అందరినీ వరుసలో నిలబెట్టి మా కోట్లు, సంచులు, టోపీలు తనిఖీ చేశారు. అతుకుడు పట్టీలలో చిక్కుకున్న గడ్డిగింజలను చిమటాలతో ఏరారు, జేబుల్లోని నలుసులను పీల్చే యంత్రంతో లాగేశారు. మా ఆవిడ సంచి అడుగున ఎప్పుడో పడిపోయిన జంతిక ముక్క దొరికింది. దాన్ని అక్కడే పారవేయించారు. బయటి గడ్డి ఒకటి కింగ్ జార్జ్ దీవిలో ఇప్పటికే వేళ్లు దిగిందట, అందుకే అంత పట్టుదల. ఒడ్డుకు దిగే ముందు, ఎక్కిన తర్వాత బూట్లను మందునీళ్లలో కడగాలి. ఒకసారికి ఒక చోట వంద మందికి మించి దిగకూడదు. అయిదు వందల మందికి మించి ప్రయాణికులున్న ఓడలైతే ఎవరినీ దించనే కూడదు.

పెంగ్విన్‌కు అయిదు మీటర్ల దూరంలో ఉండాలి. అది మన వైపు నడిచివస్తే ఆగిపోయి దారి ఇవ్వాలి. అవి రోజూ నడిచి నడిచి మంచులో కాలువలాంటి బాటలు పడతాయి. వాటిలో మన కాలు దిగిందంటే పొట్టి కాళ్ల పక్షి ఆ గుంటలో ఇరుక్కుంటుంది. మా ముందు నడిచిన ఒకాయన కాలు అలా కూరుకుపోతే, వెంట ఉన్న మార్గదర్శి మోకాలి లోతు గుంటను పారతో పూడ్చి గానీ కదలలేదు.

ఒక చోటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డిసెప్షన్ దీవి నిజానికి సముద్రంలో సగం మునిగిన అగ్నిపర్వతం. అంచు తెగిన చోటు నుంచి ఓడ దాని నోట్లోకి ప్రవేశిస్తుంది. నల్లటి ఇసుకలో నుంచి ఆవిరి లేస్తుంది. ఆ ఒడ్డున తుప్పుపట్టిన ఇనుప పీపాలు ఇళ్లంత ఎత్తున నిలబడి ఉన్నాయి. 1931 వరకు అక్కడ తిమింగలాలను ఉడికించి నూనె తీశారు. ఆ పీపాల మధ్య నిలబడ్డప్పుడు కడుపులో ఏదో కదిలింది. మర్నాడు ఉదయం మా ఓడ పక్కనే రెండు హంప్‌బ్యాక్ తిమింగలాలు ఊపిరి వదిలాయి. ఆ ఊపిరికి చేపల సంత వాసన. వేట ఆపితే అవి తిరిగి వచ్చాయన్న సంగతి అంతకుముందు చదివాను, ఆ రోజు నా ముఖం మీద తుంపరగా పడింది.

ఉప్పుగాలి

విశాఖపట్నం నుంచి. ఇరవై రెండేళ్లుగా ఓడల ఇంజను గదుల్లో పని చేస్తున్నాను. ప్రయాణికుల ఓడల్లో కాదు, సరుకు ఓడల్లో. అయినా ఇంధనం సంగతి ఇంధనమే కాబట్టి రెండు మాటలు.

2011 ఆగస్టు నుంచి 60 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటితే తారులాంటి భారీ నూనె వాడకూడదు, ట్యాంకుల్లో మోసుకెళ్లనూ కూడదు. దాంతో పెద్ద పెద్ద విహార ఓడలు కొన్ని ఆ దారి మానుకున్నాయి. ఇప్పుడు వెళ్లే ఓడలు తేలిక డీజిల్ వాడతాయి. మసి తగ్గుతుంది, పోదు. బ్యాటరీలు అమర్చిన ఓడలూ ఉన్నాయి. అవి లంగరు దగ్గర, నెమ్మది వేగంలో కొంత ఆదా చేస్తాయి గానీ, డ్రేక్ దాటేది డీజిల్‌తోనే. ప్రకటనల్లో కనిపించే "పచ్చని ఓడ" అన్న మాటను నమ్మవద్దు.

భద్రత గురించి కూడా. ఇలాంటి ధ్రువ ప్రాంతపు పర్యాటక యాత్రల కోసమే కట్టి 1969లో నీటిలోకి దించిన మొదటి చిన్న ఓడ ఒకటి ఉండేది. తర్వాత ఎక్స్‌ప్లోరర్ అన్న పేరుతో తిరిగింది. 2007 నవంబరు 23న సౌత్ షెట్‌లాండ్ దీవుల దగ్గర మంచు తగిలి చిల్లుపడి మునిగింది. 154 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. గంటల తరబడి పడవల్లో ఉన్నా సముద్రం ప్రశాంతంగా ఉంది, మరో ఓడ వచ్చి ఎక్కించుకుంది. ఆ రోజు గాలి తిరిగి ఉంటే ఆ కథ వేరుగా ఉండేది. మునిగిన ఓడలోని డీజిల్ నీటిమీద తెట్టెలా తేలింది. 2017 నుంచి ధ్రువ జలాలకు ప్రత్యేక నౌకా నిబంధనావళి అమల్లోకి వచ్చాక ఓడల కట్టుబడి, సిబ్బంది శిక్షణ బాగా మెరుగుపడ్డాయి. కానీ సాయం అక్కడ ఎప్పుడూ దూరమే. అరవై దాటినవారు గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు చేయించుకోకుండా, అత్యవసర తరలింపు బీమా లేకుండా బయలుదేరకూడదు.

నేలవేము

దూరతీరం గారు రాసిన బూట్ల కడుగుడు, అయిదు మీటర్ల దూరం అన్నీ నిజమే, మంచివే. నా అభ్యంతరం వాటి మీద కాదు. ఆ నిబంధనలన్నీ ఒక్కో మనిషి ఎలా నడవాలో చెబుతాయి. మొత్తం ఎంతమంది రావచ్చో ఎవరూ చెప్పరు.

వంద మంది లెక్కను పాటించేలా చూస్తున్నది 1991లో యాత్రా సంస్థలు తమకు తాముగా పెట్టుకున్న సంఘం. వారి నిజాయితీని శంకించను. కానీ వచ్చేవారి సంఖ్యను తగ్గించమని ఓడ యజమానులనే అడగడం ఎలా? 1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందం కింద నిర్ణయాధికారం ఉన్న దేశాలన్నీ ఏకాభిప్రాయానికి వస్తే తప్ప పరిమితి పెట్టలేరు. 2024 మే నెలలో ఆ దేశాల సమావేశం మన కొచ్చిలోనే జరిగింది. పర్యాటకాన్ని నియంత్రించే చట్రం గురించి అక్కడ ప్రత్యేకంగా చర్చ మొదలుపెట్టారు. సంతోషం. ఆ చర్చ తేలేలోగా ఓడలు ఆగవు కదా.

ఉత్తర ధ్రువం వైపు చూడండి. స్వాల్‌బార్డ్ దీవులు నార్వే పాలనలో ఉన్నాయి. ఒక ప్రభుత్వం ఉంది కాబట్టి 2025 జనవరి 1 నుంచి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడలు రాకూడదని చట్టం చేసింది. ఆ ప్రాంతాల్లో 43 చోట్ల మాత్రమే దిగనిస్తుంది. ధ్రువపు ఎలుగుబంటికి 300 మీటర్ల దూరం, మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్లు. కాదన్నవాడికి జరిమానా వేసే అధికారి ఉన్నాడు.

మాది గుంటూరు. ఊరికి దగ్గర్లో ఉప్పలపాడు చెరువుంది. ఎక్కడెక్కడి నుంచో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి తుమ్మచెట్ల మీద గూళ్లు పెడతాయి. చిన్నప్పుడు మా మేనమామ సైకిల్ మీద తీసుకువెళ్లి చూపించేవాడు. అక్కడ ఎవరైనా రాయి విసిరితే ఊరివాళ్లు ఊరుకోరు. ఆ పక్షులకు ఒక ఊరుంది. అంటార్కిటికాకు ఊరు లేదు, అడిగేవాడు లేడు. అందుకే నా భయం.

దూరతీరం

ఉప్పలపాడు మాట మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. మీ మేనమామ ఆ చెరువు గట్టుకు తీసుకువెళ్లి ఉండకపోతే ఇవాళ మీరు పెంగ్విన్ల కోసం ఇంత వాదించేవారా? ఊరు లేని ఖండానికి ఊరివాళ్లు ఎవరు కావాలి? చూసివచ్చినవాళ్లలో కొందరైనా అవుతారని నా నమ్మకం. 1991లో మాడ్రిడ్ ఒడంబడిక ఆ నేలలో గనుల తవ్వకాన్ని నిషేధించింది. ఆ నిషేధం నిలబడాలంటే ఆ ఖండం కొన్ని లక్షల మందికి పటంలో మచ్చ కాకుండా ప్రేమించిన చోటుగా ఉండాలి.

పోర్ట్ లాక్రాయ్ అనే చోట పాత బ్రిటిష్ స్థావరం, తపాలా కార్యాలయం ఉన్నాయి. ఆ చిన్న దీవిలో కొంత భాగాన్ని పర్యాటకులకు మూసేసి, మనుషులు తిరిగే చోట, తిరగని చోట జెంటూ పెంగ్విన్ల గూళ్లు ఎలా ఉన్నాయో ఏళ్లుగా గమనిస్తున్నారు. జెంటూలు ద్వీపకల్పమంతటా పెరుగుతున్నాయి, అడెలీలు అనే మరో జాతి పెంగ్విన్లు తగ్గుతున్నాయి. అడెలీలకు కావలసిన సముద్రపు మంచు తగ్గిపోవడం దానికి పెద్ద కారణం. అది మన బూట్ల వల్ల కాదు, ప్రపంచమంతా కాల్చే బొగ్గు, నూనెల వల్ల.

నేలవేము

ఆ బొగ్గు, నూనెలలో మీ ఓడదీ వాటా ఉంది. మా మేనమామ సైకిల్ మీద తీసుకువెళ్లాడు దూరతీరం గారూ. తేడా అదే. ప్రేమ పుట్టడానికి ఖండాలు దాటాలన్న మాట నేను ఒప్పుకోను. వెళ్లివచ్చిన ప్రతివాడూ రక్షకుడు అవుతాడన్న నమ్మకం మీకుంది, నాకు లేదు. మీరు అయ్యారు. మీతో ఓడలో ఉన్న తక్కినవాళ్ల సంగతి?

దూరతీరం

నిజం చెప్పాలంటే అందరూ కాలేదు. భోజనాల బల్ల దగ్గర "ఏడో ఖండం పూర్తయింది" అని లెక్కపెట్టుకున్నవారు ఉన్నారు. ఆ మాట నన్నూ నొప్పించింది. నా వాటా మసికి నేను జవాబుదారీని కానని కూడా అనను.

సంధ్యాదీపం

అందరికీ నమస్కారాలు. రెండు రాత్రులు మీరు రాసినవన్నీ మావారికి చదివి వినిపించాను. నాకొక చిన్న సందేహం. నాకు మోకాళ్ల నొప్పులు. ఒడ్డు మీద మధ్యలో ఎక్కడైనా కాసేపు కూర్చోవచ్చా? ఓడను ఎంచుకునేటప్పుడు ఏం అడగాలి?

ఉప్పుగాలి

కూర్చోవడం కుదరదమ్మా. బర్డ్ ఫ్లూ వచ్చాక నేల మీద కూర్చోవడం, మోకాళ్లూనడం, సంచి కింద పెట్టడం ఆపేశారు. 2023 అక్టోబరులో సౌత్ జార్జియా దీవి దగ్గర స్కువా పక్షుల్లో ఆ జబ్బు కనిపించింది, 2024 ఫిబ్రవరికి ఖండానికీ చేరింది. జబ్బు జాడ కనబడిన చోట అసలు దించరు. రబ్బరు పడవలోంచి మోకాలి లోతు నీళ్లలోకి దిగాలి కూడా. మీరు కొన్ని చోట్ల పడవలోనే కూర్చుని ఒడ్డు వెంట తిరిగి చూడవచ్చు, అది అలసట లేని పద్ధతి.

ఓడ గురించి: వంద మంది లోపు ప్రయాణికులున్నదైతే అందరూ ఒకేసారి దిగవచ్చు. రెండు వందల మంది ఉంటే వంతులవారీగా. ఇంధనం ఏమిటి, తిమింగలాలు తిరిగే చోట వేగం ఎంతకు తగ్గిస్తారు, ఓడలో వైద్యుడు ఉన్నాడా అని రాతపూర్వకంగా అడగండి.

నేలవేము

నా మాట మారలేదమ్మా, వెళ్లవద్దనే అంటాను. అయినా వెళ్లేటట్టయితే ఇంకొక్క ప్రశ్న చేర్చండి. ఒప్పంద దేశాలు రేపు మొత్తం సంఖ్యకు పరిమితి పెడితే, మీ సంస్థ దానికి మద్దతు ఇస్తుందా అని అడగండి. మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి.

సంధ్యాదీపం

నిన్న ఉదయం ఆ ప్రశ్నలన్నీ మావారే తన చేతిరాతతో కాగితం మీద రాశారు. అమ్మాయి వాటిని ఇంగ్లీషులో పెట్టి సంస్థకు పంపింది. ఇంధనం, వేగం, వైద్యుడు, ప్రయాణికుల సంఖ్య గురించి సాయంత్రానికే జవాబు వచ్చింది. ఓడలో తొంభై ఆరు మంది పడతారట.

నేలవేము గారి ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. అది వచ్చేదాకా బయానా కట్టవద్దని ఆయనే అన్నారు. అబ్బాయి ఫోనులో ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత వాళ్ల నాన్నను పిలవమన్నాడు. ఇద్దరూ అట్లాసు ముందు పెట్టుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.