అప్‌డేట్: పత్తిలో బొబ్బెర, చుట్టూ జొన్న వేస్తే ఏమైందంటే

పత్తిలో వేరే పంటలు కలిపితే పురుగు తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా అని వానాకాలం మొదట్లో అడిగాను కదా. మాది నల్లగొండ దగ్గర రెండెకరాల చల్క, అంటే తేలికపాటి ఎర్ర నేల. మీరు చెప్పినట్టే ఒక ఎకరం చుట్టూ మూడు సాళ్లు జొన్న, లోపల మధ్యమధ్యలో బొబ్బెర వేశాను. రెండో ఎకరం ఉత్త పత్తి.

మొదట చాలా టెన్షన్ పడ్డాను. బొబ్బెర కొమ్మలన్నీ నల్లటి పేనుబంకతో (మొక్క రసం పీల్చే చిన్న పురుగులు) నిండిపోయాయి. పీకేద్దామనుకుంటే మా పెద్దనాన్న ఆపాడు. "ఆగురా, వాటిని తినేటివి వస్తయి" అన్నాడు. పది రోజుల్లో అక్షింతల పురుగులు నిజంగానే వచ్చాయి, వాటి పిల్లలు కూడా. తర్వాత తెలిసింది, బొబ్బెర మీది నల్ల పేను వేరు, పత్తికి పట్టే పేను వేరు. అక్షింతల పురుగులకు మాత్రం ఆ తేడా లేదు, రెండింటినీ తింటాయి. అవి వచ్చాక మందు కొట్టి ఉంటే అవి కూడా చచ్చేవి.

ఆ ఎకరంలో పేనుకు మందు ఒక్కసారే కొట్టాను, ఉత్త పత్తికి మూడుసార్లు. గులాబీ రంగు పురుగుకు ఇవేవీ అడ్డు కాలేదు. అది కాయ లోపల ఉంటుంది. దానికి లింగాకర్షక బుట్టలు (వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) పెట్టాను.

ఒక తప్పు చేశాను. కూరకని గట్టు పక్కన బెండ వేశాను. బెండ, పత్తి ఒకే కుటుంబం, ఆకుల రసం పీల్చే పచ్చదోమకు రెండూ ఇష్టమే. ఆ వైపు సాళ్లలోనే ఆకులు ముందు ముడుచుకుని అంచులు ఎర్రబడ్డాయి. వచ్చే ఏడు అక్కడ కంది వేస్తాను.