విజయనగరం నుంచి కొండదారుల్లో ఎంటీబీ (మౌంటెన్ బైక్) తొక్కాలంటే ఎటు పోవాలి?

కంటోన్మెంట్ కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. నిరుడు దసరాకి హార్డ్‌టెయిల్ ఎంటీబీ కొన్నాను. 29 అంగుళాల చక్రాలు, 2.2 టైర్లు, ముందు మాత్రమే సస్పెన్షన్, కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు. ఇప్పటిదాకా రామతీర్థం రోడ్డు, గంట్యాడ రోడ్డు తప్ప ఎక్కడికీ పోలేదు. ఇలాంటి సైకిల్‌ని తారు మీదే తిప్పుతుంటే ప్రాణం ఒప్పడం లేదు. చెట్ల మధ్య, రాళ్ళూ వేళ్ళూ ఉన్న బాటల్లో తొక్కాలనుంది.

వీడియోల్లో కనిపించే ట్రెయిల్స్ సైకిల్ కోసమే తవ్వి చేసినవి. అలాంటివి మన దగ్గర లేవని తెలుసు. ఉన్నవాటిలో ఏది మంచిది? తాటిపూడి కొండలా, సీతంపేట వైపా, మందస వైపా? నవంబర్ ఆఖర్లో నేనూ మా పిన్ని కొడుకూ వెళ్దామనుకుంటున్నాం. ఎలుగుబంట్లు, ఏనుగులు అంటూ అమ్మకి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్తే ఆమెకి చదివి వినిపిస్తాను.

చైన్‌లూబ్:

తమ్ముడూ, దారి ఏదైనా ముందు బ్రేకులు చూసుకో. ఎక్కలేకపోతే దిగి నడిపించుకోవచ్చు, దిగుడులో ఆ వీలుండదు. కేబుల్ డిస్కుల్లో చాలావాటికి ఒకవైపు ప్యాడే కదులుతుంది. రెండోది కదలదు, అది అరిగేకొద్దీ మనమే అలెన్ కీతో దగ్గరికి తిప్పుకోవాలి. ఈ సంగతి తెలియక కేబుల్ ఒక్కటే బిగించుకుంటూ పోతారు, చివరికి లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కినా బండి ఆగదు. దిగేటప్పుడు బ్రేక్ అదేపనిగా పట్టుకుని ఉండకు, రోటర్ (చక్రం మధ్యలో ఉండే బ్రేక్ డిస్కు) బాగా వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపుకి ముందే గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలెయ్యి. సీటు బాగా కిందికి దించి, వెనక్కి జరిగి, రెండు పెడల్స్ ఒకే ఎత్తులో పెట్టుకుని నిలబడి దిగు.

గాలి విషయం. షాపులో పట్టమంటే టైరు రాయిలా అయ్యేదాకా కొట్టేస్తారు. డెబ్బై కిలోల మనిషికి, ట్యూబ్ ఉన్న 2.2 టైరుకి ముందు 28, వెనక 32 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టు. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. తుమ్మముల్లు ఎలాగూ దిగుతుంది కాబట్టి ఇద్దరికీ చెరో ట్యూబ్, ప్యాచీలు, చేతిపంపు ఉండాలి. కొత్త ట్యూబ్ ఎక్కించే ముందు టైరు లోపలంతా వేలితో తడిమి ముల్లు తీసెయ్యి.

ఎస్.కోట రోడ్డు:

మొదటిసారికి తాటిపూడి చాలు. గోస్తని మీద కట్టిన ఆ జలాశయం చుట్టుపక్కల ఊళ్ళని కలిపే మట్టిదారులు వెడల్పుగా ఉంటాయి, ఏదైనా తేడా వస్తే ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గరే. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి మాత్రం అడక్కుండా దూరకండి, ముందు అటవీశాఖ వాళ్ళ దగ్గర అనుమతి తీసుకోండి. ఈ మాట సీతంపేటకీ మందసకీ కూడా వర్తిస్తుంది.

గెడ్డదారి:

బాబూ, నేను సీతంపేట కొండల్లో టీచర్ని. బడికీ సంతకీ సైకిల్ మీదే తిరుగుతాను. జిల్లాలు మారాక 2022 నుంచి మాది పార్వతీపురం మన్యం అయింది గానీ ఇక్కడివాళ్ళ నోట ఇంకా శ్రీకాకుళమే.

ఇక్కడున్న బాటలన్నీ ఇక్కడి గిరిజనులు, సవరలూ జాతాపులూ, నడిచి నడిచి పడినవి. అవి ఎందుకు పడ్డాయో తెలుసుకుంటే ఏది తొక్కాలో తెలిసిపోతుంది. సంతకి దిగే బాట కొండని చుట్టుకుంటూ పోతుంది. నెత్తి మీద గంపో భుజాన కావిడో ఉన్న మనిషి నిలువుగా దిగలేదు కదా. సైకిల్‌కి అదే సరైన బాట. వాలు ఒకేలా ఉంటుంది, మలుపుల దగ్గర నేల గట్టిగా తొక్కిపడి ఉంటుంది. పోడుకి పోయే బాట వేరు. నిట్టనిలువుగా ఎక్కుతుంది, వాన నీళ్ళకి మధ్యలో కోసుకుపోయి గాడి పడుతుంది. ముందు చక్రం ఆ గాడిలో దిగితే హ్యాండిల్ తిప్పడానికి చోటుండదు. మీరు దాని మీద నడిచే దిగండి. మూడోది ఊట దగ్గరికి పోయే బాట. దాని జోలికి అసలు పోవద్దు. చాలా గూడల్లో (గిరిజన పల్లెల్లో) ఆ ఊట నీళ్ళే పైపులో వచ్చి కుళాయిలో పడతాయి. సైకిల్ కడగాలంటే కిందికి వచ్చాక కడుక్కోండి.

సంత రోజున సంతబాట మీదికి సైకిల్ తేవద్దు. పొద్దున్న దిగేవాళ్ళు, మధ్యాహ్నం నుంచి ఎక్కేవాళ్ళు, వాళ్ళతో పిల్లలు, కోళ్ళు, అనాసపళ్ళ బస్తాలు. మిగతా రోజుల్లో కూడా ఎదురుగా బరువుతో ఎవరైనా వస్తే సైకిల్ దిగి, లోయవైపు మీరు నిలబడి, కొండవైపు వాళ్ళకి ఇవ్వండి. ఈ ఒక్కటి చేస్తే చాలు, తర్వాతి ఊళ్ళో మీకు దారి చెప్పేవాళ్ళు దొరుకుతారు. ఎవరో కుర్రాళ్ళు మోటార్‌సైకిళ్ళేసుకుని ఒక బాట మీద పదే పదే తిరిగి దాన్ని బురదగుంట చేసి పోయారు. ఆ వానాకాలమంతా మా పిల్లలు ఆ బురదలోంచే బడికి వచ్చారు. ఎంటీబీ చక్రం అంత పాడు చెయ్యదు, నిజమే. అయినా తడిసిన నేల మీద బ్రేక్ బిగించి జారితే గీత పడుతుంది, మరునాటి వానకి ఆ గీతే కాలవ అవుతుంది. కాబట్టి తడి ఆరేదాకా ఆగండి.

మొదటి రోజు ఆడలి వ్యూ పాయింట్ దాకా రోడ్డు మీదే ఎక్కండి. కాళ్ళ సత్తా, గేర్ల సంగతి అక్కడే తేలిపోతుంది. రెండో రోజు పై గూడల వైపు. చాలా గూడలకి సిమెంటు రోడ్లు పడ్డాయి, రోడ్డు ఆగిన చోట బాట మొదలవుతుంది. ఆ సిమెంటు రోడ్డునే ఎక్కువ అనుమానించండి. చెట్ల నీడ పడే మలుపుల్లో పల్చటి ఆకుపచ్చ నాచు పట్టి ఉంటుంది. దూరానికి తడి మరకలా కనిపిస్తుంది, చక్రం ఎక్కితే సబ్బే. మట్టి మీద జారితే కాస్తయినా సర్దుకోవచ్చు, దాని మీద సర్దుకునే లోపే పడిపోతాం.

నవంబర్ ఆఖరు మంచి కాలమే. వానలు ఇంకి ఎర్రమట్టి బిగుస్తుంది, టైరుకి పట్టు దొరుకుతుంది. అల్పపీడనం అన్నారంటే ప్రయాణం వాయిదా వెయ్యండి. కింద చినుకు లేకపోయినా పైన వాన కురిస్తే గెడ్డ (కొండవాగు) ఉన్నట్టుండి పొంగుతుంది. పొద్దున్న మడమ తడవకుండా దాటిన గెడ్డే సాయంత్రం దాటనివ్వదు. అలాంటప్పుడు వెనక్కి తిరిగి ఊళ్ళోకి పోవాలి గానీ సైకిల్ ఎత్తుకుని దిగకూడదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తామంటే నేను వద్దనే అంటాను. జీడితోటల్లో ఎండాకు మందంగా పరుచుకుని కింద రాయుందో వేరుందో కనపడనివ్వదు. కొమ్మలు కూడా నేలకి వంగి సరిగ్గా చేతుల ఎత్తులో ఉంటాయి. పైగా అది జీడిపిక్కలు ఏరే కాలం. ఏడాది తిండి ఆ తోటలో ఉన్నప్పుడు కొత్త ముఖాలు అటు తిరగడం ఎవరికీ నచ్చదు.

ఏనుగుల గురించి అమ్మగారి భయం సరైనదే. కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల్లో ఒడిశా నుంచి వచ్చిన గుంపు కొన్నేళ్ళుగా తిరిగింది, మనుషుల ప్రాణాలు పోయాయి. సీతంపేటకి ఆ మండలాలు దూరమేమీ కాదు. బయల్దేరే రోజు పొద్దున్న ఊళ్ళో అడిగి, వాళ్ళు అటు వద్దంటే మారు మాట్లాడకుండా ఇంకోవైపు పోండి.

ఉద్దానం అక్క:

మందస వైపు గురించి నేను చెప్తాను. మా పెరట్లోంచి మహేంద్రగిరి కనిపిస్తుంది. 1,501 మీటర్ల కొండ, శిఖరం ఒడిశాలో ఉంది. చూస్తే ఎవరికైనా ఎక్కాలనే ఉంటుంది. కానీ మా దగ్గర ఎలుగులతో ఆటలు కావు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో మనిషి పోయాడు. జీడిమామిడి, పనస పండే రోజుల్లో అవి తోటల్లోకే వస్తాయి. తెల్లవారుజామున, పొద్దుగూకాక ఎక్కువ.

సైకిల్‌కి చప్పుడు ఉండదు, అదే భయం. నడిచే మనిషి అలికిడి విని ఎలుగు తప్పుకుంటుంది. దిగుడులో వేగంగా వచ్చే సైకిల్‌ని అది పసిగట్టేలోపే మీరు మీద పడిపోతారు, బెదిరిందంటే కరుస్తుంది. కాబట్టి గంట పెట్టించుకోండి, మలుపు మలుపుకీ కొట్టండి, గట్టిగా మాట్లాడుకుంటూ పోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఎండ పైకి వచ్చాక ఎక్కి, నాలుగింటికల్లా రోడ్డు మీదికి వచ్చెయ్యండి.

కంటోన్మెంట్ కుర్రాడు:

చైన్‌లూబ్ అన్నా, ఇప్పుడే వెనక ప్యాడ్ చూశాను, మీరు చెప్పినట్టే ఒకవైపు బాగా అరిగింది. రేపు మార్పిస్తాను. అక్కా, గంట కొంటాను, మీరు రాసింది అమ్మ రెండుసార్లు చదివించుకుంది. ఈ ఆదివారం తాటిపూడి, నవంబర్‌లో సీతంపేట అనుకున్నాం. మాస్టారూ, సైకిళ్ళు అక్కడిదాకా ఎలా తేవాలి? పార్వతీపురం రైల్లో రావచ్చా?

గెడ్డదారి:

రైల్లో అయితే పార్సిల్‌లో బుక్ చెయ్యాలి, దిగాక మళ్ళీ వీరఘట్టం, పాలకొండ మీదుగా చాలా దూరం తొక్కాలి. చీపురుపల్లి, రాజాం మీదుగా పాలకొండకి వచ్చే ట్రాలీ ఆటో మాట్లాడుకోవడమే మేలు. సైకిళ్ళు పడుకోబెట్టేటప్పుడు రోటర్ ఉన్న వైపు పైకి ఉండేలా చూడండి, రోటర్ వంగితే ఇక్కడ సరిచేసేవాళ్ళు లేరు. వచ్చే ముందు ఇక్కడే ఒక మాట రాయండి, సంత లేని రోజు చూసి చెప్తాను.