సిన్స్ పెట్టాలా, ఫర్ పెట్టాలా?

ప్రశ్న: రెజ్యూమె రాసుకుంటున్నాను. 'ఐ యామ్ వర్కింగ్ యాజ్ యాన్ అకౌంటెంట్' తర్వాత 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' అనాలా, 'ఫర్ ఫైవ్ ఇయర్స్' అనాలా? రెండింటికీ అర్థం 'నుంచి' అనే కదండీ? ఎల్లుండే ఇంటర్వ్యూ, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫర్ పెట్టండి. మనం '2019 నుంచి' అంటాం, 'ఐదేళ్ల నుంచి' అనీ అంటాం. తికమక అక్కడే. ఇంగ్లీషులో ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్: సిన్స్ 2019, సిన్స్ మండే, సిన్స్ చైల్డ్‌హుడ్. ఎంతకాలమో చెబితే ఫర్: ఫర్ ఫైవ్ ఇయర్స్, ఫర్ టూ అవర్స్.

అనుమానం వస్తే 'నుంచి' తీసేసి 'గా' తగిలించి చూడండి. 'ఐదేళ్లుగా', 'రెండు గంటలుగా', 'చాలా కాలంగా' అనొచ్చు, కాబట్టి ఫర్. '2019గా', 'సోమవారంగా' అనలేం, అక్కడ సిన్స్. ఎప్పుడైనా తప్పొచ్చు గానీ, నూటికి తొంభై చోట్ల పనికొస్తుంది.

అన్నట్టు, మీ వాక్యంలో ఇంకోటి కూడా మార్చాలి. 'ఐ యామ్ వర్కింగ్' కాదు, 'ఐ హావ్ బీన్ వర్కింగ్'. తెలుగులో 'ఐదేళ్లుగా పనిచేస్తున్నాను' అంటే చాలు. ఇంగ్లీషులో మాత్రం, ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఆ 'హావ్ బీన్' ఉండాల్సిందే. నన్నడిగితే ఇంటర్వ్యూలో ముందు చెవిన పడేది ఇదే.

మరొకరు: మా ఆఫీసు మెయిల్స్ నిండా 'సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్' అనే ఉంటుంది. అదీ తప్పేనా?

జవాబు: తప్పే. 'సిన్స్ లాస్ట్ ఇయర్' మాత్రం ఒప్పు, ఎందుకంటే అది పోయినేడు మొదలైందని చెబుతోంది. 'లాస్ట్ టూ ఇయర్స్' అనగానే అది గత రెండేళ్లుగా, అంటే గడిచిన కాలం. 'ఫర్ ద లాస్ట్ టూ ఇయర్స్' అని రాయాలి. 'ఫ్రమ్ లాస్ట్ టూ ఇయర్స్' అని రాసేవాళ్లూ ఉన్నారు, అదీ వద్దు.

మొదట అడిగినవారు: థాంక్సండీ. పాత కంపెనీలో రెండేళ్లు చేసి మానేశాను. దానికీ హావ్ బీన్ వాడాలా?

జవాబు: వద్దు. 'ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్' చాలు. ఫర్ అయిపోయినదానికీ పనికొస్తుంది, జరగబోయేదానికీ పనికొస్తుంది: 'ఐ విల్ స్టే ఫర్ టూ డేస్'. సంవత్సరాలు వేయాలంటే 'ఫ్రమ్ 2017 టు 2019' అనండి. అక్కడ 'సిన్స్ 2017' అని పెడితే మీరింకా ఆ కంపెనీలోనే ఉన్నారనుకుంటారు.