రెండున్నరేళ్ళ పాపకి కాళ్ళ కంట్రోల్ టెస్ట్: ఇప్పుడే మార్కులెయ్యాలా, నాలుగేళ్ళొచ్చేదాకా ఆగాలా?

పండు వాళ్ళమ్మ, ఖమ్మం
అందరికీ నమస్తే. మా పాపకి రెండున్నరేళ్ళు. 30 వారాలకే పుట్టింది, ఎన్ఐసీయూలో ఉంచారు, తర్వాత ఎమ్మారైలో పీవీఎల్, అంటే మెదడులో నీటి గదుల పక్కన దెబ్బ అన్నారు. సీపీ (సెరిబ్రల్ పాల్సీ), రెండు కాళ్ళూ బిగుతు. చేతులు బానే వాడుతుంది, మాటలొస్తున్నాయి, సోఫా పట్టుకుని మునివేళ్ళ మీద అడుగులేస్తది. మొదటి నుంచి చూస్తున్న ఫిజియో సార్ స్ట్రెచింగ్, నిలబెట్టడం చేయిస్తున్నారు. ఈ మధ్య ఇంకో చోట చూపిస్తే అక్కడి మేడమ్ స్కేల్ అని ఒక టెస్ట్ చేసి రెండు చీలమండలకీ సున్నా, వేళ్ళకీ సున్నా రాసిచ్చారు. అది పట్టుకెళ్ళి సార్‌కి చూపిస్తే ఈ వయసులో ఆ టెస్ట్ చెయ్యనే కూడదు, పక్కన పెట్టెయ్యండి అన్నారు. ఎవరి మాట వినాలి? సున్నా అంటే పాదం ఇంక ఎప్పటికీ దానంతటది కదలదనా? నిన్నటి నుంచి అన్నం సయించట్లేదు.

పిల్లల ఫిజియో, గుంటూరు
అమ్మా, ముందు కంగారు పడకండి, సున్నా అంటే ఎప్పటికీ రాదని కాదు. ఈ విషయంలో నేను మీ పాత సార్ పక్షమే. స్కేల్ అనేది పిల్ల కాలిలో ఒక్కో కీలుని విడిగా కదపగలదా అని చూసే టెస్ట్, అమెరికాలో యూసీఎల్ఏ యూనివర్సిటీ వాళ్ళు 2009లో ప్రచురించారు. ఒక్కో కాలికి ఐదు చోట్ల చూస్తాం: తుంటి, మోకాలు, చీలమండ, పాదం లోపలికి బయటికి తిప్పడం, వేళ్ళు. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, అంటే కాలికి మొత్తం 10. పిల్ల కూర్చుని మనం ‘పైకి, కిందికి, పైకి’ అని మూడు సెకన్లలో చెప్తుంటే ఆ లయకి తగ్గట్టు పాదం ఒక్కటే కదపాలి, మోకాలు కదలకూడదు, రెండో కాలు కదలకూడదు. రెండున్నరేళ్ళ పిల్ల ఇది చేస్తుందా చెప్పండి? సీపీ లేని పిల్లలే ఆ వయసులో చెయ్యరు, ఒక కాలు కదపమంటే రెండోది కూడా కదిలిస్తారు, చిన్నపిల్లల్లో అది మామూలే. అందుకే ఈ టెస్ట్‌ని నాలుగేళ్ళు దాటి, చెప్పింది విని చేసే పిల్లలకి పెట్టారు. మీ పాప చెయ్యలేకపోయిందా, చెయ్యనందా, అర్థం కాలేదా, ఆకలేసిందా అన్నది ఆ సున్నాలో ఎక్కడా ఉండదు. రేపు ఇంకో డాక్టర్ ఫైలు తెరిస్తే ఆయనకి కనపడేది ఆ సున్నా ఒక్కటే, నా బాధ అంతా అదే.

థెరపిస్ట్, కరీంనగర్
గుంటూరు సార్ చెప్పిందాంట్లో సగం ఒప్పుకుంట, మార్కులు తొందరే. కానీ ‘పక్కన పెట్టెయ్యండి’ అంటే మాత్రం ఒప్పుకోను. మన దగ్గర పిల్లల్ని చూసేటప్పుడు అందరం బిగుతు చూస్తం, యాంగిల్స్ కొలుస్తం, బిగుతు ఎంతుందో ఆష్‌వర్త్ గ్రేడ్ రాస్తం, పాప తనంతట తను ఏ కీలుని విడిగా కదుపుతుందో మాత్రం ఎవ్వరం రాయం. బిగుతు వేరు, కంట్రోల్ వేరు. కండరానికి బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తే బిగుతు తగ్గుద్ది, అంతమాత్రాన పాదం ఎత్తే కంట్రోల్ రాదు, తల్లిదండ్రులు లక్షణంగా డబ్బు కట్టి ఆర్నెల్లాగి ‘ఇంకా మునివేళ్ళ మీదే నడుస్తుంది మేడమ్’ అని ఏడుస్తరు. ముందే చెప్పి ఉంటే అంత ఆశ పెట్టుకునేటోళ్ళు కాదు కదా.

నెలలు నిండకుండా పుట్టి పీవీఎల్ వచ్చిన పిల్లల్లో దెబ్బ తగిలేది మెదడులో ఆ నీటి గదుల పక్కన. కాళ్ళకి పోయే నరాల దారి సరిగ్గా ఆ గదులని ఆనుకుని పోతది, చేతుల దారి కొంచెం దూరం, అందుకే పండు చేతులు బాగున్నయి కాళ్ళు పట్టేసినయి. ఇంకోటి, తుంటి కన్నా మోకాలు, మోకాలు కన్నా పాదం, ఇట్ల కిందికి పోయేకొద్దీ కంట్రోల్ తగ్గుడు ఈ పిల్లల్లో చాలా మామూలు. కాబట్టి ఆ మేడమ్ చూసింది తప్పని అనలేం, నంబర్ వేసిన తీరుతోనే నా పేచీ.

అక్కా, మీరు ఇంట్లో ఒకటి చూడండి. పాపని మోకాళ్ళు వంగేటట్టు చిన్న పీట మీద కూర్చోబెట్టి బొటనవేలి మీద స్టిక్కర్ అంటించండి, మీ చెయ్యి ఇంచు పైన పెట్టి ‘స్టిక్కర్ నా చేతికి తాకించు’ అనండి. మొదట మీరే పాదం పట్టుకుని కదిపి చూపించండి. పాదం ఒక్కటే లేస్తుందా, తుంటి మోకాలు అన్నీ కలిసి లేస్తున్నయా చూడండి. తర్వాత కాలు చాపి కూర్చోబెట్టి అదే ఆట ఆడండి. చాపినప్పుడు పిక్క లాగుద్ది కాబట్టి కష్టం, తేడా మీకే కనపడ్తది.

శ్రీకాకుళం తాతయ్య
బాబూ నాకు మీ అంత చదువు లేదు గానీ ఒక మాట. మా మనవడిని తీసుకుని బస్సు పట్టుకుని జిల్లా కేంద్రంలో డైక్ సెంటర్‌కి, అదే, ఇలాంటి పిల్లల్ని చూసే సర్కారు సెంటర్‌కి వెళ్తాం. పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి ఇంటికి. అక్కడ మా వంతు వచ్చాక దొరికేది అరగంట. ఆ అరగంటా కొలతలకీ రాతలకీ పోతే పిల్లాడికి వ్యాయామం ఎప్పుడు చేయిస్తారు? సీపీ అని తెలుసు, కాళ్ళు బిగుతని తెలుసు, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసి కొత్తగా తెలిసేదేంటి? మాలాంటోళ్ళకి కావల్సింది చేతులు పెట్టి పని చేసే మనిషి, కాయితాలు కాదు.

థెరపిస్ట్, కరీంనగర్
తాతయ్యా, మీ బాధ నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ మీ మనవడికి ఏ వ్యాయామం ఇవ్వాలో తెలిసేది ఆ చూపుతోనే. పాదం విడిగా కాస్త కదుపుతున్న పిల్లాడికి దాన్నే ఆటలో పెట్టి వందసార్లు చేయించాలె, బూటు కూడా ఆ కదలిక బంద్ కాకుండ కీలున్న ఏఎఫ్ఓ (చీలమండని, పాదాన్ని పట్టి ఉంచే పట్టీ) ఆలోచించాలె. అస్సలు రాని పిల్లాడికి అదే పని గంటలు గంటలు చేయిస్తే వాడు ఏడ్వడం తప్ప ఏమొస్తది, వాడి నడకకి వేరే దారి చూడాలె. ఇద్దరికీ ఒకే స్ట్రెచింగ్ ఇచ్చి పంపిస్తున్నం కదా, ఆ అరగంట నిజంగ వృథా అయ్యేది అక్కడ.

డాలస్ నాన్న
మాది తిరుపతి, ఇక్కడ స్థిరపడ్డాం. మా బాబుకి ఇప్పుడు ఆరేళ్ళు, వాడిదీ రెండు కాళ్ళ సీపీ. ఐదేళ్ళప్పుడు రైజాటమీ ఆపరేషన్ గురించి అడగడానికి వెళ్ళాం, అదే, వెన్నులో కాళ్ళ నుంచి వచ్చే నరాల పోగులు కొన్ని కత్తిరించి బిగుతు తగ్గిస్తారు కదా అది. మేము బిగుతు గురించే అడుగుతారనుకుంటే వాళ్ళు ఎక్కువసేపు చూసింది బలం, కంట్రోల్. ఎందుకంటే బిగుతు తీసేశాక కింద ఏం మిగుల్తుందో దాంతోనే పిల్లాడు నిలబడాలి. ఒక చిన్న పరీక్ష గుర్తుంది. కూర్చోబెట్టి పాదం ఎత్తమంటే ఎత్తలేదు, అదే మోకాలు పైకెత్తమని చేత్తో కిందికి అదిమితే పాదం టక్కున లేచింది. అంటే కండరం ఉంది, పనిచేస్తోంది, విడిగా ఆదేశం వెళ్ళట్లేదు అని చెప్పారు. ఆ ఒక్క ముక్క మాకు రెండేళ్ళ ముందు ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో. అందుకే త్వరగా చూడడమే మంచిదని నా అభిప్రాయం, నంబర్ ఉన్నా లేకపోయినా.

పిల్లల ఫిజియో, గుంటూరు
డాలస్ సార్, మీరు చెప్పింది ఐదేళ్ళ పిల్లాడి సంగతి, ఆ వయసులో నేనూ తప్పకుండా స్కేల్ చేస్తాను, ఆపరేషన్ మాటొస్తే అది లేకుండా ముందుకెళ్ళకూడదు కూడా. ఇక్కడ గొడవ రెండున్నరేళ్ళకి. కరీంనగర్ మేడమ్ చెప్పిన స్టిక్కర్ ఆటకి నాకు అభ్యంతరం లేదు, నేనూ సబ్బు బుడగలు వదిలి కాలితో పగలగొట్టమంటాను. కానీ ఆటలో చూసింది ఆటలో చూసినట్టే రాయాలి. ‘మోకాలు వంచి కూర్చున్నప్పుడు ఎడమ పాదం విడిగా కొంచెం లేచింది, చాపినప్పుడు లేవలేదు, కుడిది మొత్తం కాలితో కలిసి లేచింది’ అని రెండు లైన్లు చాలు. ఆర్నెల్ల తర్వాత పోల్చుకోడానికి అంతకన్నా పనికొచ్చేది లేదు.

పండు వాళ్ళమ్మ, ఖమ్మం
అందరికీ చాలా థ్యాంక్సండీ. పొద్దున స్టిక్కర్ ఆట ఆడాం. సార్ ఊరికే ఉదాహరణకి రాసినట్టున్నారు గానీ దాదాపు అలాగే ఉంది. కుడికాలు అడిగితే మోకాలు ముడుచుకుని కాలంతా పొట్ట వైపు వచ్చేస్తోంది. ఎడమ పాదం మాత్రం నేను పట్టుకుని చూపించాక తనే లేపింది, బొటనవేలు ముందు లేచి తర్వాత పాదం ముందు భాగం కొంచెం, మోకాలు కదల్లేదు. స్టిక్కర్ నా చేతికి తగలగానే నవ్వింది. కాలు చాపి కూర్చుంటే మాత్రం రెండూ రాలేదు. మరి ఎడమ పాదానికి కూడా ఫైల్లో సున్నానే ఉంది కదా, ఆ మేడమ్ కాళ్ళు చాపించే చూశారు.

థెరపిస్ట్, కరీంనగర్
అక్కా, ఆ టెస్ట్ చేసే పద్ధతే మోకాలు చాపి, ఆమె పద్ధతి ప్రకారమే చేసింది. పూర్తిగా చాపలేని పిల్లలకి కొంచెం వంచొచ్చని కూడా ఉంటది. ఏది ఎట్లున్నా ఎడమ పాదం లేపడం చాలా మంచి కబురు, ఇయ్యాల్టి నుంచి ఆ ఆట రోజూ, బలవంతం లేకుండ, నవ్వుతున్నంతసేపే. నాలుగేళ్ళు దాటినంక మాత్రం నంబర్ వేయించండి, అప్పుడు వద్దనే మాట నేను వినను.

పిల్లల ఫిజియో, గుంటూరు
అప్పుడు నేనూ అడ్డుచెప్పను. అమ్మా, మీ సార్‌కీ ఆ మేడమ్‌కీ చూపించడానికి ఒక వీడియో తియ్యండి. సాక్సులు, ఏఎఫ్ఓ తీసేసి, ఫోను నేల మీద పాదాల ఎత్తులో పక్క నుంచి పెట్టండి, రెండు పాదాలూ మోకాళ్ళూ కనపడాలి. పాప పడుకుని లేచి తిన్నాక తియ్యండి, నిద్రమత్తులో వద్దు. ముందు మోకాలు వంచి, తర్వాత చాపి. మీ గొంతు వినపడనివ్వండి, మీరు ఎప్పుడు అడిగారో పాప ఎప్పుడు కదిపిందో మాకు తెలియాలి. ఆ వీడియో పట్టుకెళ్ళి ఫైల్లో సున్నా పక్కన ‘మోకాలు వంచితే ఎడమ పాదం విడిగా లేస్తోంది’ అని ఆ మేడమ్‌తోనే రాయించండి, అడిగితే కాదనరు.