టాండెం సైకిల్ మీద జోరు తేల్చేది ముందు కూర్చున్నవారా, వెనక కూర్చున్నవారా?

జంటపెడల్:
మేం ఇద్దరు కలిసి తొక్కే టాండెం సైకిల్ కొని రెండు నెలలైంది. మావారు ముందు, నేను వెనక. ఆయన నిమిషానికి 90 చుట్లు తొక్కుతారు. నాకు 75 దాటితే ఊపిరి అందదు, సీటు మీద కుదురుగా కూర్చోలేను. రెండు జతల పెడళ్లనీ ఒక చైన్ కలుపుతుంది కదా, ఆయన కాళ్లు ఎంత జోరుగా తిరిగితే నావీ అంతే తిరగాలి. గేర్ మార్చమంటే "రోడ్డు నాకు కనిపిస్తోంది, నీకు కనిపించదు" అంటారు. జోరు ఎవరు తేల్చాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొండదారి:
ముందున్నవాళ్లే. ఇందులో చర్చకేముంది? హ్యాండిల్, బ్రేకులు, గేర్లు మామూలుగా ముందువాళ్ల చేతిలోనే ఉంటాయి. పన్నెండేళ్లుగా టాండెం తొక్కుతున్నాను కాబట్టి చెబుతున్నా. పైగా మీవారి 90 సరైన లెక్కే. బరువైన గేర్‌లో నెమ్మదిగా తొక్కితే మోకాళ్ల మీద భారం పడుతుంది. తేలిక గేర్‌లో వేగంగా తిప్పితే అంత పడదు. అలవాటయ్యేదాకా ఓపిక పట్టండి.

గాలివాటు:
80 దగ్గర రాజీ పడండి, సరిపోతుంది.

రెండోసీటు:
కొండదారి గారూ, ఆవిడ మోకాళ్ల సంగతి అడగలేదు. ఊపిరి అందట్లేదన్నారు. నాకు చూపు బాగా తక్కువ, అందుకని ఎప్పుడూ వెనకే కూర్చుంటాను. ఇప్పటికి ఐదుగురితో తొక్కాను. ముందు కూర్చుని నడిపేవారిని పైలట్ అంటాం. మంచి పైలట్ ఎవరో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. "గుంత", "ఆపుతున్నా", "గేర్ మారుస్తున్నా", "కుడికి" అని నోరు తెరిచి చెబుతారు. చెప్పనివాళ్లతో వెళ్తే ప్రతి గుంతా నా వెన్నులో దిగుతుంది. ముందువాళ్లు గుంతని చూసి సీటు మీంచి కాస్త లేస్తారు. నాకు ఆ గుంత తగిలాకే తెలుస్తుంది.

పారాలింపిక్స్‌లో టాండెం పోటీలున్నాయి. ముందు చూపున్న పైలట్, వెనక చూపు లేని లేదా బాగా తక్కువున్న రైడర్. ఆ పోటీ పెట్టిందే వెనకున్నవారి కోసం. వెనక కూర్చున్నంత మాత్రాన మాట చెల్లకూడదని ఎక్కడా లేదు.

కొండదారి:
గుంతల గురించి కాదండీ ప్రశ్న, 90 గురించి. 75తో తొక్కే అలవాటు పడితే ఎత్తు వచ్చేసరికి ఇద్దరూ చతికిలపడతారు. సమతలం మీద టాండెంకి తిరుగులేదు, ఇద్దరి బలం ఉన్నా గాలి దాదాపు ఒక్కరికి తగిలినంతే తగులుతుంది. ఎత్తులో మాత్రం ఇద్దరి కాళ్లూ ఒక్కటిగా పడకపోతే బండి కదలదు.

జంటపెడల్:
75 మీద నేనేమీ పట్టుబట్టట్లేదు. అడిగినప్పుడు ఒక్క గేర్ మార్చమంటున్నాను, అంతే.

కొండదారి:
ఒక్క గేర్ మారిస్తే 90 కాస్తా 80 అవుతుంది. నేను వద్దంటున్నది దాన్నే.

చైన్‌కవర్:
సీట్లు మార్చుకుని చూడొచ్చుగా?

జంటపెడల్:
కుదరదండీ. ముందు భాగం పొడుగువాళ్లకి తగ్గట్టు చేశారు, నాకు కాళ్లు నేలకి ఆనవు. ఇంగ్లీషులో ముందున్నవారిని కెప్టెన్ అంటారట, వెనకున్నవారిని స్టోకర్ అంటారట. స్టోకర్ అంటే ఇంజన్‌లో బొగ్గు వేసేవాడు. ఆ పేరు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

రెండోసీటు:
కొండదారి గారూ, మీకు అంకె కనిపిస్తోంది గానీ వెనకున్న మనిషి కనిపించట్లేదు. మీ వెనక ఎవరు కూర్చుంటున్నారో, ఎన్నాళ్లుగా కూర్చుంటున్నారో చెప్పండి.

కొండదారి:
అడిగారు కాబట్టి చెబుతున్నా. నా భార్య నాలుగేళ్ల కిందటే టాండెం ఎక్కడం మానేసింది. ఒక పెద్ద దిగుడులో ఉన్నాం. వెనక నుంచి "మెల్లగా, మెల్లగా" అని అరుస్తూనే ఉంది. ఇద్దరి బరువుతో అలాంటి చోట బ్రేక్ అదేపనిగా నొక్కిపెడితే రిమ్ కాలిపోతుంది, ట్యూబ్ పేలిపోవచ్చు కూడా. అందుకే వదిలి వదిలి నొక్కుతున్నాను. అదంతా ఆ క్షణంలో ఎలా చెప్పను? కింద మలుపులో ఇసుక ఉంది. పడ్డాం. నాకు మోచెయ్యి గీసుకుంది, తనకి భుజం దగ్గర ఎముక విరిగింది.

ముందు కూర్చున్నవాడి చేతిలో రెండు ప్రాణాలుంటాయి. వెనక నుంచి వచ్చే ప్రతి మాటకీ జవాబిస్తూ బండి నడపడం నా వల్ల కాదు. ఇది అహంకారం అనుకుంటే అనుకోండి.

గాలివాటు:
అయ్యో. ఇప్పుడు ఆవిడ బాగున్నారా?

కొండదారి:
బాగుంది. తన సైకిల్ మీద తను వెళ్తుంది.

రెండోసీటు:
అహంకారం అనను. మీ టెన్షన్ నాకు తెలుసు, నా పైలట్లు ఆ మాట అంటూనే ఉంటారు. కానీ ఆ దిగుడు మొదలయ్యే ముందు ఒక నిమిషం ఆగారా? "బ్రేక్ వదిలి వదిలి పడతాను, జోరు పెరుగుతుంది తగ్గుతుంది, కంగారుపడకు" అని చెప్పారా? ఆవిడకి మీ వీపు తప్ప ఏమీ కనిపించదు. జోరు పెరిగిన ప్రతిసారీ మీరు పట్టు తప్పారనే అనుకుని ఉంటారు. నేను ప్రతి దిగుడూ అలాగే దిగుతాను కాబట్టి చెప్పగలను. చెప్పి దిగిన పైలట్‌తో నేను నోరెత్తను, ఎత్తే అవసరం రాదు.

జంటపెడల్:
ఇదంతా చదివాక నేను అడగాల్సింది అడగలేదనిపిస్తోంది. 90, 75 నా అసలు బాధ కాదు. మొన్న ఇంటికి తిరిగే మలుపు దగ్గర ఆయన నన్నడక్కుండా నేరుగా పోనిచ్చారు. ఇంకో పది కిలోమీటర్లు. నేను బండి తిప్పలేను, ఆపలేను, దిగలేను. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే తొక్కాను. ఆయనకి తెలియను కూడా తెలియదు. గేర్ గురించి పోట్లాడుతున్నాను గానీ కోపమంతా అదే.

చైన్‌కవర్:
ఈ మాట ఇక్కడ కాదు, ఆయనకి చెప్పండి.

జంటపెడల్:
ఈ రాత్రికే చెబుతాను.

కొండదారి:
దారి మార్చే ముందు అడగాలి, అది ఒప్పుకుంటాను. కదులుతున్న బండి మీద మాత్రం తేల్చేది ముందున్నవాళ్లే, ఆ మాట మార్చుకోను.

రెండోసీటు గారూ, మీరడిగారు కాబట్టి చెబుతున్నా. ఆ రోజు పైన ఆగలేదు. ఏమీ చెప్పలేదు. తనకి నా మీద నమ్మకం లేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. దిగుడుకి ముందు మీ పైలట్లు ఏమేం చెబుతారో వరసగా రాసిపెట్టగలరా? తను మళ్లీ ఎక్కుతుందని కాదు. ఒకసారి చూపిస్తాను.

రెండోసీటు:
రేపు పొద్దున మా పైలట్‌ని కూడా అడిగి రాస్తానండీ.