ఆర్ ప్యాకేజీ: ఇంపోర్ట్స్‌లో డీప్లయర్ రాసినా ‘స్టేషన్ నాట్ ఫౌండ్’ ఎర్రర్

మద్దిలపాలెం_ఆర్:
అందరికీ నమస్కారం. వైజాగ్ వర్షపాతం డేటా మీద ఆర్‌లో (డేటా లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాష) చిన్న ప్యాకేజీ తయారవుతోంది. వాల్తేరు, ఎయిర్‌పోర్టు స్టేషన్ల రోజువారీ లెక్కల్లోంచి అడిగిన స్టేషన్ వరసలు మాత్రమే ఇచ్చే ఫంక్షన్ ఒకటుంది, అందులో డీప్లయర్ (టేబుల్ డేటాతో పనిచేసే ప్యాకేజీ) ఫిల్టర్ వాడాను. ప్యాకేజీ వివరాలు రాసే డిస్క్రిప్షన్ ఫైల్లో ఇంపోర్ట్స్ (కావాల్సిన వేరే ప్యాకేజీల జాబితా) కింద డీప్లయర్ ఉంది. కోడ్ ఫైల్ మొదట్లో లైబ్రరీ(డీప్లయర్) కూడా ఉంది. నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది. ల్యాబ్ సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం ‘ఆబ్జెక్ట్ స్టేషన్ నాట్ ఫౌండ్’ అంటోంది. డీప్లయర్ అక్కడా ఉంది. అదే ఫైల్లోని డిపెండ్స్‌లోకి (లైబ్రరీతో నా ప్యాకేజీ తెరిస్తే తోడుగా తెరుచుకునేవాటి జాబితా) మార్చేస్తే సరిపోతుందా అండీ?

ఎంవీపీ_స్టాట్స్:
డిపెండ్స్ జోలికి వెళ్లకండి. డిస్క్రిప్షన్‌లో ఇంపోర్ట్స్ అని రాస్తే ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యి ఉండాలని చెప్పినట్టు, అంతే. అందులోని ఫంక్షన్ మీ కోడ్‌కి కనబడాలంటే నేమ్‌స్పేస్ ఫైల్లో (ఏ ఫంక్షన్ ఏ ప్యాకేజీ నుంచి తేవాలో రాసేది) ఇంపోర్ట్‌ఫ్రమ్ ఉండాలి, లేదా పిలిచిన చోటల్లా డీప్లయర్::ఫిల్టర్ అని రాయాలి. రెండూ లేవు కాబట్టి ఆర్ వెతుక్కుంటూ పోయి, ఎప్పుడూ అటాచ్ అయ్యి (అంటే పేరుతో నేరుగా పిలవగలిగేలా తెరిచి) ఉండే స్టాట్స్ ప్యాకేజీలోని ఫిల్టర్‌ని పట్టుకుంది. అది టైమ్ సిరీస్‌కి వాడేది. దానికి స్టేషన్ అనేది కాలమ్ అని తెలీదు, మామూలు ఆబ్జెక్ట్ అనుకుని వెతికి లేదంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో సెషన్‌లో డీప్లయర్ ముందే అటాచ్ అయ్యి ఉంటుంది, అందుకే బయటపడలేదు.

కోడ్‌లోని లైబ్రరీ లైన్ తీసేయండి. అది ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నడుస్తుంది, వాడేవాళ్లు లోడ్ చేసినప్పుడు నడవదు.

ఆర్‌ఆక్సిజన్ (కోడ్ పైన రాసిన కామెంట్ల నుంచి ఈ ఫైళ్లు తయారుచేసే టూల్) వాడుతుంటే ఫంక్షన్ పైన #' @ఇంపోర్ట్‌ఫ్రమ్ డీప్లయర్ ఫిల్టర్ అని రాసి డెవ్‌టూల్స్::డాక్యుమెంట్() నడపండి. నేమ్‌స్పేస్ ఫైల్ అదే రాసుకుంటుంది, చేత్తో ముట్టుకోవద్దు. ఒకటి రెండు చోట్లే వాడితే :: చాలు. డిపెండ్స్ ఎందుకు వద్దంటే, ఎవరైనా లైబ్రరీ అనకుండా మీ ఫంక్షన్‌ని నేరుగా :: తో పిలిస్తే డీప్లయర్ అటాచ్ అవదు, మళ్లీ ఇదే ఎర్రర్.

గాజువాక_కోడ్:
పై మాటకి ఒక చేర్పు. ఆర్ సీఎండీ చెక్ (ప్యాకేజీలో తప్పులు వెతికే కమాండ్) నడిపితే ‘నో విజిబుల్ గ్లోబల్ ఫంక్షన్ డెఫినిషన్ ఫర్ ఫిల్టర్’ అని నోట్ వస్తుంది. దాని కిందే ఇంపోర్ట్‌ఫ్రమ్("స్టాట్స్", "ఫిల్టర్") చేర్చుకోమని సలహా కూడా ఇస్తుంది. అది కాపీ చేసి పెట్టారో, నోట్ పోతుంది, తప్పు ఫంక్షన్ మాత్రం పర్మనెంటుగా అతుక్కుంటుంది! చెక్ ఆ పేరు ఆర్‌తో వచ్చే ప్యాకేజీల్లోనే వెతికి చెబుతుంది, మీరు ఏ ఫిల్టర్ అనుకున్నారో దానికి తెలీదు. అందుకే నాకైతే ఎప్పుడూ :: రాయడమే ఇష్టం. చదివేవాళ్లకి ఫంక్షన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడే కనబడుతుంది.

మొత్తం ప్యాకేజీని ఇంపోర్ట్ చేయడం మాత్రం మానేయండి. డీప్లయర్, స్టాట్స్ రెండూ పూర్తిగా తెస్తే ‘రీప్లేసింగ్ ప్రీవియస్ ఇంపోర్ట్’ హెచ్చరిక తప్పదు. ఇంకోటి: స్టాట్స్, యుటిల్స్ ఆర్‌తోనే వస్తాయి కదా అని వదిలేయకండి, వాడితే అవీ ఇంపోర్ట్స్‌లో ఉండాలి. బేస్‌కి ఒక్కదానికే అక్కర్లేదు.

మద్దిలపాలెం_ఆర్:
:: పెట్టాక ల్యాబ్‌లో నడిచిందండీ, థాంక్స్. ఇప్పుడు చెక్‌లో ‘నో విజిబుల్ బైండింగ్ ఫర్ గ్లోబల్ వేరియబుల్ స్టేషన్’ మిగిలింది. మ్యాప్ గీసే ఫంక్షన్ ఒక్కదానికి ఎస్ఎఫ్ అనే మ్యాప్ డేటా ప్యాకేజీ కావాలి, దాన్ని కూడా ఇంపోర్ట్స్‌లోనే పెట్టాలా?

ఎంవీపీ_స్టాట్స్:
స్టేషన్ బదులు .డేటా$స్టేషన్ రాయండి. ఆ .డేటాని ఇచ్చే ఆర్‌లాంగ్ ప్యాకేజీని డిస్క్రిప్షన్ ఇంపోర్ట్స్‌లో చేర్చి, @ఇంపోర్ట్‌ఫ్రమ్ ఆర్‌లాంగ్ .డేటా పెడితే ఆ నోట్ పోతుంది.

ఎస్ఎఫ్‌ని సజెస్ట్స్‌లో (తప్పనిసరి కాని ప్యాకేజీల జాబితా) పెట్టండి. లినక్స్‌లో సోర్స్ నుంచి కట్టాలంటే దానికి జీడాల్, జియోస్, ప్రోజ్ అనే మ్యాప్ లైబ్రరీలు కావాలి. వర్షపాతం సగటు చూసుకునేవాళ్లకి ఆ బరువెందుకు? మ్యాప్ ఫంక్షన్ మొదట్లోనే రిక్వైర్‌నేమ్‌స్పేస్("ఎస్ఎఫ్", క్వైట్లీ = ట్రూ) అని చూసి, లేకపోతే ఎస్ఎఫ్ ఇన్‌స్టాల్ చేసుకోమని స్టాప్()తో చెప్పండి. లోపల ఎస్ఎఫ్:: అనే పిలవండి. సజెస్ట్స్‌లో ఉన్నదాన్ని ఇంపోర్ట్‌ఫ్రమ్ చేస్తే అది లేని సిస్టమ్‌లో ప్యాకేజీ మొత్తం లోడ్ అవదు.

గాజువాక_కోడ్:
కోడ్‌లో |> పైపు (ఒక ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కి అందించే గుర్తు) ఉంటే డిపెండ్స్‌లో ఆర్ (>= 4.1.0) రాయడం మరవకండి. డిపెండ్స్‌కి ఇది సరైన వాడకం. ఆపైన ఆర్‌స్టూడియోలో కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్10తో సెషన్ కొత్తగా మొదలుపెట్టి, డీప్లయర్ అటాచ్ చేయకుండా మీ ఫంక్షన్ ఒకసారి పిలిచి చూడండి.